ఒప్పుకోవద్దన్న గుమాస్తా

మా అమ్మాయి స్కూలు నుంచి గౌనుకు ఒక బిళ్ళ తగిలించుకుని, చేతిలో ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మత్తుమందుల జోలికి పోబోమని ఇవాళ స్కూలంతా ప్రమాణం చేశారట. చదివేది రెండో క్లాసు. ఇంకా బూటు లేసులు కట్టుకోవడం రాదు గానీ గంజాయి మాత్రం మానేసింది. పిల్లలతో ఊరుకోకుండా తల్లిదండ్రుల చేత కూడా సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. "మేము ఎన్నడూ ముట్టలేదు, ఇక ముందూ ముట్టబోము" అని నాలుగు వరుసలు. మా ఆవిడ చదవకుండానే గీకేసింది. ఆవిడకు ఆ హక్కుంది, కాఫీ కూడా ముట్టదు. నేను పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. చివరికి కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి పక్కకు తప్పుకున్నాను.

మూడు రోజులైంది.

"డాడీ, సైన్ చేశావా?"

"చదువుతున్నానమ్మా."

"ఫోర్ లైన్సే కదా డాడీ! మిగతా అందరి పేరెంట్స్ చేసేశారు."

నాలుగు లైన్లే. కానీ నాకు కాగితం మీద సంతకం పెట్టడం, అంతకన్నా ముఖ్యంగా పెట్టకపోవడం నేర్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఈ ఏడాది మంచు కరుగుతున్న రోజుల్లో పోయాడు. ఆయన బతికి ఉంటే ఈ కాగితాన్ని ముందు వెలుతురుకు పట్టి చూసేవాడు. తర్వాత వెనక్కి తిప్పేవాడు. తర్వాత, "ఎవడ్రా దీన్ని డ్రాఫ్టు చేసింది? ముట్టడం అంటే ఏమిటో ఎక్కడా రాయలేదే!" అనేవాడు.

ఒహాయో రాష్ట్రం టొలీడోలో తెలుగువాళ్ళందరం ఆయన్ని బాబాయి అనేవాళ్ళం. నిజానికి ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. బెజవాడలో ఒక క్రిమినల్ ప్లీడరు దగ్గర పాతికేళ్ళు గుమాస్తాగా చేశాడు. భార్య నర్సు. ఆవిడను ఇక్కడి ఆస్పత్రివాళ్ళు ఉద్యోగమిచ్చి పిలిపించుకుంటే, ఆవిడ వెనకాల హోల్డాలుతో పాటు తనూ వచ్చానని ఆయనే చెప్పుకునేవాడు. అదే ఆస్పత్రి లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు చేసేవాడు. పని దుప్పట్లు మడవడం. "పాతికేళ్ళు కాగితాలు మడిచాను, ఇప్పుడు దుప్పట్లు మడుస్తున్నాను. దుప్పటే నయంరా, దానిమీద ఎవడూ అబద్ధం రాయడు" అనేవాడు.

మనిషి సన్నం, మీసం దిట్టం. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఎర్ర దారం ఎక్కడ సంపాదించేవాడో తెలియదు గానీ, ఇంట్లో కరెంటు బిల్లు మొదలు గ్రీటింగు కార్డుల దాకా అన్నింటినీ కట్టలు కట్టి దాంతో బిగించేవాడు. ఏ కాగితమైనా ముందు వెనకవైపు చదివేవాడు. "ముందువైపు వాడు మనకు చెప్పాలనుకున్నది ఉంటుంది. వెనకవైపు చెప్పకుండా దాచింది ఉంటుంది." బస్సు టిక్కెట్టు వెనక చదివాడు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వెనక చదివి, బహుమతి షరతులు అన్యాయంగా ఉన్నాయని కంపెనీకి ఉత్తరం రాశాడు. లాండ్రీలో ఎవరో రిటైరవుతుంటే అందరూ సంతకాలు పెట్టే కార్డు ఈయన దగ్గరకొచ్చింది. మిగతావాళ్ళు రాసినదంతా చదివి, తనకు ఒక నకలు ఇస్తేనే సంతకం పెడతానన్నాడు. ఆ కార్డు రిటైరైన మనిషికి రిటైరైన వారానికి చేరింది.

ఆదివారం చర్చికి, మంగళవారం కోర్టుకి. ఈ రెండూ తప్పేవాడు కాదు. మంగళవారం పొద్దున మూడు గిన్నెల స్టీలు క్యారియర్ పట్టుకుని మున్సిపల్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనకు అక్కడ కేసేమీ లేదు. ఊరికే చూడ్డానికి. మేం ఫుట్‌బాల్ చూసినట్టు ఆయన తాగి కారు నడిపినవాళ్ళ కేసులు, పెంపుడు కుక్క కరిచిన కేసులు చూసేవాడు. షిఫ్టు టైముకు లేచి, క్యారియర్ ఖాళీ చేసి, లాండ్రీకి పోయేవాడు. శనివారం మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఆ వారం విశేషాలు చెప్పేవాడు. ఏ ప్లీడరు నోరు జారాడో, ఏ ముద్దాయి అతిగా మాట్లాడి మునిగాడో.

"నోరున్నవాడే ముద్దాయిరా. మూగవాడు సాక్షి కూడా కాలేడు."

ముద్దాయిలు నేరం ఒప్పుకుంటే ఆయనకు ఒళ్ళు మండేది. చర్చిలో పాటలు పాడే మనిషి, పాస్టరు గారికి ఎదురుపడితే రెండు చేతులూ ఎత్తి "వందనాలయ్యా" అనే మనిషి, ఈ ఒక్క సంగతిలో మాత్రం రాజీ పడేవాడు కాదు. "ఒప్పుకోలు పరలోకంలో పనికొస్తుంది, మున్సిపల్ కోర్టులో కాదు" అనేవాడు. పాస్టరు గారి ఎదుటే అన్నాడు కూడా.

ఈ మాటెత్తితే చాలు, వెనకాలే ఒక కథ వచ్చేది. బెజవాడలో తన ఆఫీసులోనే ఇంకో గుమాస్తా ఉండేవాడట. "వట్టి గాడిద" అని మొదలుపెట్టేవాడు. రైల్వే లోకో షెడ్డులో ఖలాసీ ఒకడు పొట్లం గంజాయితో పట్టుబడితే, ఈ గాడిద గుమాస్తా వాడి చేత నేరం ఒప్పించేశాడు. "పది రూపాయల జరిమానారా, ఒప్పేసుకో, మధ్యాహ్నానికల్లా షెడ్డులో ఉంటావు" అన్నాడట. ఖలాసీ మధ్యాహ్నానికి షెడ్డులోనే ఉన్నాడు. నెల తిరిగేసరికి, కోర్టులో శిక్ష పడినవాడని రైల్వేవాళ్ళు ఉద్యోగం లోంచి తీసేశారు. క్వార్టర్సు ఖాళీ చేయించారు. తర్వాత ఎటు పోయాడో తెలియదు. ఈ కథ నేను ఏడెనిమిది సార్లు విని ఉంటాను. ఒకసారి ఖలాసీకి ఇద్దరు పిల్లలు, ఒకసారి ముగ్గురు. గుమాస్తాను తిట్టే తిట్లు మాత్రం మారేవి కావు. మేం "బాబాయ్, ఈ వారం గాడిద రాలేదా?" అని ఆయన్ని ఏడిపించేవాళ్ళం.

ఇక నా సంగతి. అది నా ఎమ్మెస్ ఆఖరి ఏడాది, డెబ్భైల చివర. ఒక కారు విడిభాగాల కంపెనీ ఉద్యోగమిస్తానంది. గ్రీన్‌కార్డుకు కూడా వాళ్ళే ఫైల్ చేస్తామన్నారు. నా రూమ్మేట్ మూర్తికి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు కనుక నన్ను "సార్" అని పిలిచేవాడు.

గంజాయి సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ళో గంజాయి అంటే బైరాగులకు సంబంధించిన వ్యవహారం. అమెరికా వచ్చాక అది పీహెచ్‌డీ విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమని తెలిసింది. నేను మూడు నాలుగుసార్లు తాగాను. గొప్ప సత్యాలేవీ తెలియలేదు. ఆకలి మాత్రం విపరీతంగా వేసి, మూర్తి చేసుకున్న వారం సాంబారు ఒక పూటలో తినేశాను. మళ్ళీ ఎందుకు కొన్నానంటే, చవక అని. పక్క రాష్ట్రం మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో దాన్ని దగ్గర పెట్టుకుంటే జరిమానా ఐదు డాలర్లు. కారు తప్పుచోట పార్కు చేసినట్టే. ఐదు డాలర్ల జరిమానా ఊళ్ళో కొన్న సరుకు ఎక్కడికి పోయినా ఐదు డాలర్ల నేరమే అవుతుందని నేనూ మూర్తీ లెక్క కట్టాం. ఇద్దరం ఇంజనీర్లం మరి! ఊరి పొలిమేర దాటితే అదే పొట్లానికి మిషిగన్ రాష్ట్ర చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు. ఇంకాస్త దక్షిణంగా వచ్చి ఒహాయోలో అడుగుపెడితే జైలు లేదు, వంద డాలర్ల లోపు జరిమానా. గంట ప్రయాణంలో మూడు చట్టాలు. ఆ గంటా నేను హాయిగా పాటలు పాడుకుంటూ కారు నడిపాను.

అంతకు ముందు డెట్రాయిట్‌లో ఇండియా నుంచి దిగిన ఒకాయన దగ్గర మా అమ్మ పంపిన సామాను తీసుకున్నాను. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, ఇంగువ, వడియాలు. అన్నీ న్యూస్‌పేపర్ పొట్లాలే. ఆన్ ఆర్బర్‌లో కొన్నదాన్ని కూడా, తెలివిగా, న్యూస్‌పేపర్‌లో చుట్టి వాటి మధ్యనే పెట్టాను.

ఒహాయో సరిహద్దు దాటిన రెండు మైళ్ళకు పోలీసు ఆపాడు. వెనక లైటు ఒకటి వెలగడం లేదట. అంతవరకే అయితే హెచ్చరించి పంపేవాడు. కానీ అద్దం దించగానే ఇంగువ వాసన అతన్ని కొట్టింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమిటి ఆ వాసన?"

"ఫుడ్, సర్."

"ట్రంక్ తెరిచి చూపిస్తావా?"

కాదనొచ్చని నాకు తెలియదు. తెలిసినా అనేవాణ్ణి కాదు. అడిగినవాడు యూనిఫాం వేసుకుని ఉన్నాడు, అడిగిన తీరు మర్యాదగా ఉంది. దిగి తెరిచాను. అంతటితో ఆగితే బాగుండేది. నాకు ఇంజనీరింగ్ కాలేజీ వైవా పరీక్ష పూనింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నిలబడి, అడగకముందే చెప్పేవాడికి మార్కులెక్కువ. ఒక్కో పొట్లమూ విప్పి చెప్పుకుంటూ పోయాను. ఇది లెంటిల్ పౌడర్ సర్. ఇది కర్రీ లీఫ్ పౌడర్. ఇది చిల్లీ, చాలా ఘాటు. అతను తల ఊపుతున్నాడు. పాపం, అతనికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. ఆ ఊపులో ఆరో పొట్లం విప్పాను.

"దిస్ ఈజ్ మారిజువానా, సర్."

కాసేపు ఇద్దరం దాన్ని చూశాం. అతను నా ముఖం కేసి చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమోనని. కాదని తేల్చుకుని టిక్కెట్టు పుస్తకం తీశాడు. పొట్లం తీసుకున్నాడు. చివర్న "హ్యావ్ ఎ నైస్ డే" అన్నాడు. నేను "సేమ్ టు యూ సర్" అన్నాను.

ఇంటికొచ్చి టిక్కెట్టు మూర్తికి చూపించాను. మూర్తి నేల మీద పడి నవ్వాడు. తర్వాత చదివి, "ఏం కాదు సార్. చిన్న నేరం. వెనకాల గిల్టీ అని సంతకం పెట్టి మనీ ఆర్డర్ జతచేసి పోస్టులో పడేస్తే సరి. కోర్టుకు కూడా పోనక్కర్లేదు. రికార్డు కూడా ఉండదంట, మా డిపార్ట్‌మెంట్‌లో ఒకడు కట్టాడు" అన్నాడు. మా విద్యార్థులందరికీ అదే అలవాటు. పార్కింగు టిక్కెట్టు రాత్రి వస్తే తెల్లారేసరికి కట్టేసేవాళ్ళం. అమెరికా ప్రభుత్వం మన మీద ఎక్కువసేపు కోపంగా ఉండకూడదని. ఆ గంటలోనే సంతకం పెట్టి కవరు అంటించాను.

మర్నాడు శనివారం, బాబాయి వచ్చాడు. బల్ల మీద కవరు చూశాడు. దానిమీద కోర్టు చిరునామా చూశాడు. అంతే, ఆయన మీసం నిక్కింది.

"ఏంట్రా ఇది?"

చెప్పాను. వైవా దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. మొత్తం విని, తిట్టకుండా, "ఇలా ఇవ్వు, పోస్టు డబ్బా నా దారిలోనే ఉంది" అన్నాడు. ఇచ్చాను. వారం పోయాక అడిగితే వేశానన్నాడు. ఆ పై వారం నేనే కోర్టుకు ఫోన్ చేశాను. అందలేదన్నారు. గడువు ఇంకా రెండు రోజులుంది. లాండ్రీకి పరిగెత్తాను. ఆవిరిలో, దుప్పట్ల కొండ వెనకాల నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఆ కవరు వేశారా లేదా?"

"లేదు. వెయ్యలేదు. వెయ్యను."

"మీరెవరండీ నా ఉత్తరం ఆపడానికి? ఎల్లుండికి కట్టకపోతే వారంటు ఇస్తారు! వంద డాలర్ల లోపుతో పోయేదాన్ని జైలుదాకా తెస్తారా?"

నా గొంతు పెరిగింది. చుట్టూ మెషీన్లు తిరుగుతున్నాయి గనక సరిపోయింది. ఆయన చేతిలో దుప్పటి మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అప్పుడు మాట్లాడాడు.

"గ్రీన్‌కార్డు ఫారం నేను మూడుసార్లు చదివానురా, ముందూ వెనకా. ఎంత పట్టుబడిందని అడగడు వాడు. ఎంత కట్టావని అడగడు. గంజాయి కేసులో శిక్ష పడిందా అని అడుగుతాడు. నువ్వు ఆ కవర్లో పెట్టింది జరిమానా కాదు, ఇండియాకు టిక్కెట్టు. ఒన్‌వే."

"ఒహాయోలో దీన్ని నేరంగానే లెక్కెయ్యరంట బాబాయ్!"

"ఒహాయోలో. వీసా ఆఫీసు ఒహాయోలో లేదురా అప్రాచ్యుడా!"

దుప్పట్ల బండి అంచు మీద కూర్చుండిపోయాను. కంపెనీ, గ్రీన్‌కార్డు, ఊళ్ళో అందరికీ చెప్పేసిన అమ్మ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆయన పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు గాడిద కథ మొదలుపెడతాడనుకున్నాను. పెట్టలేదు. "పద, ప్లీడర్ని పట్టాలి" అన్నాడు.

మూర్తికి తెలిసిన డాక్టరుగారు ఒకరు తమ ఇల్లు కొన్నప్పటి లాయరు పేరు ఇచ్చారు. ముప్ఫై అంతస్తుల మేడలో ఆఫీసట. బాబాయి ముఖం చిట్లించాడు. "ఇల్లు కొనేటప్పటి ప్లీడరు వేరు, కొంప మునిగేటప్పటి ప్లీడరు వేరు" అని, మర్నాడు పొద్దున్నే నన్ను కోర్టులో తన బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"జడ్జి కేసి చూడకు. జడ్జి అందరికేసీ ఒకలాగే చూస్తాడు, దానికే ఆయనకు జీతం. అదిగో, కింద కూర్చుని ఫైళ్ళు అందిస్తున్నాడే, ఆ గుమాస్తా ముఖం చూడు. ఏ ప్లీడరు లోపలికొస్తే వాడు నవ్వుతాడో, ఆ ప్లీడరు మన ప్లీడరు."

చూస్తూ కూర్చున్నాం. వెండి జుట్టు, బంగారు గడియారం ఉన్న లాయరొచ్చాడు. గుమాస్తా ముఖంలో కదలిక లేదు. గొంతు ఖంగుమని మోగే ఇంకొకాయన వచ్చాడు. గుమాస్తా ఆవులించాడు. పదకొండు దాటాక, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, మంచు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి మేజోళ్ళతో ఒకావిడ పరుగున వచ్చింది. గుమాస్తా పళ్ళన్నీ కనిపించాయి. ఆవిడ ఫైలు వెతికి పైన పెట్టాడు. బాబాయి నా మోకాలి మీద చరిచాడు.

"ఇరవై నెలల నుంచి చూస్తున్నా. ఆవిడ ఈ గుమాస్తాకు ఒక్క కాగితం ఆలస్యంగా ఇవ్వలేదు. గుమాస్తాను గౌరవించే ప్లీడరు ముద్దాయిని ముంచదు."

ఆవిడ ఆఫీసు ఒక షూ రిపేరు కొట్టు మేడమీద. అంతా విని ప్రశ్నలు వేసింది. ట్రంకు ఎవరు తెరిచారు? నేనే. పొట్లం ఎవరు విప్పారు? నేనే. అది ఏమిటో పోలీసు అడిగాడా? లేదు, వరసలో వచ్చింది కదా అని చెప్పాను. ఆవిడ పెన్సిలు బల్లమీద పెట్టేసి బాబాయి కేసి తిరిగింది.

"ఇతను నిజంగా ఇంజనీరేనా?"

"గోల్డ్ మెడల్, మేడమ్" అన్నాడు బాబాయి, సిగ్గుపడుతూ.

పోలీసుకు మిగిల్చిన పనల్లా టిక్కెట్టు చింపి ఇవ్వడమేనని ఆవిడ తేల్చింది. ట్రంకు సంగతి మీద పోట్లాడటానికి ఏమీ లేదు. ఇక ఒక్కటే దారి. ప్రాసిక్యూటరుతో మాట్లాడి, గంజాయి అనే మాటే లేని నేరం కిందకు దీన్ని మార్పించుకోవాలి. ఈ కేసు రాష్ట్రానికి పట్టదు, నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది, అదే ఆయనకు చెబుతానంది. ముందుగా కోర్టుకు పోయి, మేం తప్పు ఒప్పుకోవడం లేదని కాగితం దాఖలు చేసింది. ఆ కాగితానికి నకలు అడిగి తీసుకున్నాడు బాబాయి. ఆవిడ నవ్వి ఇచ్చింది.

నెల రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి కబురొచ్చింది. ప్రాసిక్యూటరు ఒప్పుకున్నాడు. రోడ్డు పక్కన చెత్త పారేసిన నేరం. అది ఒప్పుకుంటే చాలు.

"చెత్త పారేశానా? నేను పారెయ్యలేదే" అన్నాను.

బాబాయి తల పట్టుకున్నాడు. ఈసారి ఒప్పుకోమని ఆయనే చెప్పాల్సి వచ్చింది, ఆ మాట ఆయన నోటికి ఎంత చేదో ముఖం చెప్పింది. కోర్టుకు బయల్దేరే పొద్దున నా చొక్కా జేబులో చీటీ ఒకటి పెట్టాడు. తెలుగులో, పెన్సిలుతో. తలకట్లన్నీ కొడవలి వంపుతో, అక్షరాల మీద గీత గీసినట్టు ఒకే ఎత్తులో. కోర్టు అర్జీలు రాసే చేతి రాత. "ఎస్ యువర్ ఆనర్. ఇంతే. దీని ముందు గానీ వెనక గానీ ఒక్క మాట లేదు."

కోర్టులో నా పేరు పిలిచారు. లాయరమ్మ పక్కన నిలబడ్డాను. బాబాయి వెనక బెంచీలో, ఒళ్ళో క్యారియర్. జడ్జి కాగితం చూసి, నన్ను చూసి, "ఆ రోజు ఆ రోడ్డు మీద మీరు చెత్త పారేశారా?" అని అడిగాడు. ఆ పోలీసు లాగే ఈయనా మర్యాదగా అడిగాడు. అదే నా కొంప ముంచేది. నాకు వైవా పూనింది.

"యాక్చువల్లీ, యువర్ ఆనర్..."

వెనక నుంచి ఢణేల్ మని చప్పుడు. మూడు గిన్నెల స్టీలు క్యారియర్ పాలరాతి నేల మీద పడితే ఎంత మోగుతుందో, పులిహోర ఎంత దూరం పోతుందో ఆ రోజు తెలిసింది. ఒక గిన్నె దొర్లుకుంటూ జడ్జి బల్లదాకా వచ్చి, గుండ్రంగా తిరిగి, ఆగింది. కోర్టంతా వెనక్కి తిరిగింది. బాబాయి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "సారీ, మై లార్డ్. ఓల్డ్ హ్యాండ్స్" అన్నాడు. ఆ చేతులు రోజూ షిఫ్టంతా దుప్పట్లు మడిచేవి. ఎన్నడూ వణకలేదు.

"ఏదో చెప్పబోతున్నారు?" అన్నాడు జడ్జి నాతో.

"ఎస్, యువర్ ఆనర్" అన్నాను. అంతే.

అలా నేను ఈ దేశంలో రికార్డు ప్రకారం చెత్త పారేసేవాణ్ణి అయ్యాను. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ కాగితం చూసి, "ఇప్పుడు పారెయ్యడం లేదుగా?" అని నవ్వాడు. గంజాయి మళ్ళీ ముట్టలేదు. భక్తితో కాదు, భయంతో. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని బాబాయి పులిహోర మెతుకులంటిన గిన్నెలు తుడుచుకుంటుంటే, నేను ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. "లే లే, కోర్టు ముందు వంగకు, అలవాటవుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో శనివారాలు వచ్చాడు గానీ, ఆ గాడిద గుమాస్తా కథ మాత్రం మళ్ళీ చెప్పలేదు. మేమూ పట్టించుకోలేదు.

మొన్న ఆయన పోయినప్పుడు వెళ్ళాను. సమాధి దగ్గర పాటలయ్యాక పిన్ని, అంటే ఆయన భార్య, ఎర్ర దారం కట్టిన కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. పైన నా పేరు. "ఇది నీకే ఇవ్వమన్నాడు నాయనా. ఎన్నిసార్లు చెప్పాడో" అంది. నా కేసు కాగితాలే కదా, తెలిసినవే కదా అని అల్మరాలో పడేశాను. ఆయన శిష్యుణ్ణి అయి ఉండీ తిప్పి చూడలేదు.

ఇవాళ, ఈ స్కూలు కాగితం మీద ఏం పెట్టాలో తోచక, అప్పుడు నేను దేనిమీద ఏమని పెట్టానో చూద్దామని ఆ కట్ట విప్పాను. కోర్టు నకళ్ళు ఉన్నాయి. నేను అంటించిన కవరు అలాగే, చింపకుండా ఉంది. దాని కింద ఇంకో కాగితం, పసుపుపచ్చగా, మడతల దగ్గర చిరిగి. బెజవాడ మేజిస్ట్రేటు కోర్టుకు అర్జీ తాలూకు ఆఫీసు కాపీ. "ముద్దాయి బండి కోటయ్య, లోకో షెడ్డు ఖలాసీ, తన నేరం ఒప్పుకుని, దయతో స్వల్ప జరిమానాతో విడిచిపెట్టవలెనని ప్రార్థిస్తున్నాడు." కింద ఎడమ బొటనవేలి ముద్ర.

తలకట్లన్నీ కొడవలి వంపుతో ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తులో.

గాడిద రాలేదా బాబాయ్ అని ఏడిపించిన శనివారాలన్నీ గుర్తొచ్చాయి. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. ఒప్పుకోవద్దు ఒప్పుకోవద్దని ఊరందరికీ చెప్పిన మనిషి, తను మాత్రం ఒప్పుకోవడానికి నన్ను ఎంచుకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని ఫ్రిజ్ మీద కాగితం తీశాను. వెనక్కి తిప్పి చూశాను, ఏమీ లేదు. "ఎన్నడూ ముట్టలేదు" అన్న ముక్కను గీత పెట్టి కొట్టేశాను. కొట్టివేత పక్కన పొడి సంతకం పెట్టాలి, అది ఆయన నేర్పిందే. పెట్టాను. "ఇక ముందూ ముట్టబోము" కింద పూర్తి సంతకం చేసి అమ్మాయికిచ్చాను. తీసుకుని చూసింది, వాళ్ళమ్మ లాగా కాదు, చదివింది.

"డాడీ, ఇది ఎందుకు కట్ చేశావ్?"

చెప్పబోయి ఆగాను. అలవాటు కొద్దీ ఒక్క క్షణం చెవులు రిక్కించాను, వెనకాల ఎక్కడైనా క్యారియర్ పడుతుందేమోనని.

పడలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగువ వాసన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.